అత్తగారి దారి ఎవరిది

మా వీధిలో శీతాకాలం పొద్దున్న ఆరుకి ముందు ఎవరూ ఇంజను వెయ్యకూడదు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకునేవాళ్ళు ఉన్నారని వాడ సంఘం పెట్టిన కట్టుబాటు అది. ఆరు కాకముందే మునిసిపాలిటీ బండి రోడ్డు మీది మంచును గీక్కుంటూ పోయి, ప్రతి వాకిలికీ అడ్డంగా మోకాలెత్తు గట్టు కట్టి పోతుంది. మేమేమో కోట్లు తొడుక్కుని, చేతి తొడుగులు బిగించుకుని, మా మా మంచు ఎత్తిపోసే మిషన్ల పక్కన మైకు కోసం ఎదురుచూస్తూ నిలబడతాం. స్తంభం మీది మైకులో ఆరు గంటల పాట మొదలైందంటే చాలు, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా మిషన్లన్నీ ఒక్కసారి అందుకుంటాయి.

అన్నీ అందుకుంటాయి, ఎదురింటి కినుయోది తప్ప.

రోడ్డుకి ఇవతల మా వాకిట్లో నిలబడితే ఆమె తాడు లాగడం కనిపిస్తుంది. ఒకసారి, రెండుసార్లు, మూడు. నాలుగోసారికి ఒక దగ్గు. ఐదు, ఆరు. ఏడోసారికి నల్లటి పొగ ఇంత వదిలి, అప్పుడు ఇష్టం లేనట్టు నడుస్తుంది. ఆ ఏడు లాగుళ్ళ సేపట్లోనే ఆమె బతుకులో ఉన్న ఒకే ఒక్క సుఖం చేజారిపోయిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక కూర్చుని మొత్తం చెప్పించుకున్నాను. బంగాళాదుంపలు చెక్కుతూ, మధ్యమధ్య కత్తి ఆడిస్తూ చెప్పింది.

కినుయో అత్తవారు సవగుచి వాళ్ళవి వరసగా మూడిళ్ళు. ఎడమన పెద్దకొడుకుది, కుడిన చిన్నకొడుకుది, నడుమ కాస్త లోపలికి వాళ్ళమ్మ తొమె ఉండే చిన్న ఇల్లు. తొమెకి తొంభై రెండేళ్ళు. నడవడానికి చక్రాల బండి పట్టుకోవాలి గాని, మాట్లాడ్డానికి ఆవిడకి ఏ ఆసరా అక్కర్లేదు. ఎవరింట్లోనూ ఉండనంటుంది. "మధ్యలో ఉంటే రెండిళ్ళ పోట్లాటలూ వినబడతాయి. ఒకరింట్లో చేరానంటే సగం పోగొట్టుకున్నట్టే" అంటుంది.

రోడ్డు నుంచి ఆవిడ గుమ్మం దాకా నలభై అడుగుల దారి. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు ఆ దారి తెరవాలి. తెరిచినవాళ్ళు తలుపు తట్టి "తెరిచానత్తయ్యా" అంటే, ఆవిడ లోపలికి పిలిచి, స్టవ్ పక్కన కూర్చోబెట్టి, టీ పోసి, క్యాబేజీలో ఎండు చేప వేసి ఊరబెట్టిన పచ్చడి చిన్న గిన్నెలో పెట్టి ముందుకు జరుపుతుంది. ఒక అరగంట కబుర్లు. ముప్ఫై ఒక్క శీతాకాలాలుగా ఆ అరగంట పెద్దకోడలు కినుయోది.

కినుయోకి అరవై ఏడు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. ముప్ఫై ఏళ్ళు హైవే మీది పెట్రోలు బంకులో పనిచేసింది. పిల్లల్లేరు. భర్త తదయోషి రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు కుక్కతో మాట్లాడతాడు.

"పెళ్ళయిన కొత్తలో పదేళ్ళు నేనూ అత్తయ్యా ఒకరి మొహం ఒకరం చూడలేకపోయేవాళ్ళం" అంది కినుయో. "ఆ పొద్దుటి టీ దగ్గరే ఒక్కో ముడీ విప్పుకున్నాం. ఇప్పుడు నాతో నిండుగా మాట్లాడే మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే."

చిన్నకోడలు మిహొకో వచ్చి నాలుగేళ్ళయింది. మరిది లేటుగా చేసుకున్నాడు. యాభై ఏళ్ళది, దక్షిణాన షిజుఒకలో తేయాకు తోటల మధ్య పెరిగింది. మంచు పడటాన్ని టీవీలో చూసిందే గాని, దాన్ని ఎత్తిపోయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. మరిది లారీ డ్రైవరు. వారంలో ఐదు రోజులు ఇంట్లో ఉండడు. పెళ్ళాం ఒక్కతే పార పట్టుకుని అవస్థ పడుతోందని, నిరుడు చలికాలం మొదట్లో కొత్త మిషను కొనిచ్చాడు. తాడు లాగక్కర్లేదు, తాళం తిప్పితే చాలు. గట్టిపడిన గట్టును కూడా పరపరా కొరికి, మంచును కంచె మీదుగా అవతలి కాలవలో పోస్తుంది.

మొదటిసారి అది జరిగిన రోజు కినుయో ఐదో లాగుడు మీద ఉంది. మిహొకో తన వాకిలి ముగించేసి, పక్కనే కదా అని అత్తగారి దారి కూడా తెరిచేసి, తలుపు తట్టింది. కిటికీ అద్దం వెనక రెండు తలలు, వాటి మధ్య టీ కెటిలు పొగ.

"తాడు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను" అంది కినుయో. "మొగుడు ఇంకో ఆడదాని ఇంట్లోకి వెళ్తుంటే చూసినట్టు అనిపించింది. నిజం చెప్పాలంటే, మా ఆయన వెళ్ళినా నాకు అంత అనిపించేది కాదు."

ఒక రోజుతో అయిపోతుందనుకుంది. అవలేదు. మిహొకో అది తన పనిగా పెట్టుకుంది. పాట అందుకోవడం, తాళం తిప్పడం, కినుయో ఏడో లాగుడుకి చేరేలోగా దారి తెరవడం. కినుయో సాయంత్రం పూట కూర పట్టుకెళ్తే అత్తగారు పొద్దుటి ముచ్చట్లు వడ్డించేది.

"చిన్నదాని మిషను చూశావా? పిండి జల్లించినట్టు జల్లుతుంది. నీది వాంతి చేసుకున్నట్టు ఉంటుంది, పాపం."

"ముసలిది అత్తయ్యా, అది."

"నేనూ ముసలిదాన్నే. నేను పొగ వదులుతున్నానా? ఇదిగో, ఈ టీ తాగు. దాని పుట్టింటి తోటలోదిట. ఇన్నాళ్ళూ మనం తాగింది టీ కాదే, వేడి నీళ్ళు."

ఆ టీ నిజంగానే బాగుందిట. అది ఇంకా మండించిందిట.

భర్త ఒకటే మాటన్నాడు: "కొత్తది కొందాం."

"కొంటే తనని చూసి కొన్నానని చిన్నది అనుకుంటుంది."

"దాన్ని చూసేగా కొంటావు."

ఆ రోజుకి అతని పది మాటల కోటా అక్కడితో అయిపోయింది. కినుయో మాత్రం కొత్తది కొనకుండా పాతదాన్నే గెలిపించాలని పంతం పట్టింది. ఇంజనుకి టానిక్కులాంటి సీసా ఒకటి తెచ్చి ట్యాంకులో పోసింది. ఖరీదైన ప్లగ్గు బిగించింది. రెండేళ్ళుగా ఆ మిషను ఇంజనుకి గాలి తగ్గించే చోక్ సగం లాగి ఉంచితేగాని నడవదు. ముప్పావు లాగి చూసింది. పొగ ఎక్కువైంది. గట్టు దగ్గరికి వెళ్ళేసరికి ఇంజను గొంతు పట్టేసినట్టు మూలిగి, మంచును మూడడుగుల దూరంలో, సరిగ్గా ఇప్పుడే తెరిచిన చోటే తిరిగి పోసింది. అవతల మిహొకో మిషను పోసే మంచు వీధి దీపం వెలుగులో తళతళలాడుతూ కంచె దాటుతోంది. కినుయో పని ఆపి అది ఎంత దూరం పడుతోందో కళ్ళతోనే కొలిచిందిట. ఎప్పుడు కొలిచినా దూరం ఇంకాస్త పెరిగినట్టే ఉండేది.

జనవరిలో ఒక మధ్యాహ్నం మిషన్ని చిన్న ట్రక్కు మీదికెక్కించి, ఒనొదెర షెడ్డుకి తీసుకెళ్ళింది. ఒనొదెర పొలం యంత్రాలు బాగుచేసే మనిషి, డెబ్బై దాటినవాడు. బంకు రోజుల నుంచీ ఆమెకి తెలుసు. అతను ఇంజనుకి పెట్రోలు, గాలి కలిపి అందించే కార్బొరేటర్ విప్పి, అడుగున ఉన్న చిన్న గిన్నె తీసి, వేలు పెట్టి చూపించాడు. లోపల ముదర పాకంలాగా పచ్చటి జిగురు గడ్డకట్టి ఉంది. వాసన చూసి మొహం చిట్లించాడు.

"ఏమ్మా కినుయో, ఈ పెట్రోలు ఏ నెలది?"

"మార్చిలో మిగిలింది. ట్యాంకులోనే ఉంచేశాను. దాని మీదే కొత్తది పోసుకుంటున్నాను."

"ప్రతి ఏడూ ఇంతేనా?"

"ప్రతి ఏడూ ఇంతే. ఏం, పెట్రోలు పాచిపోతుందా? అదేమన్నా పాలా? ముప్ఫై ఏళ్ళు పోసినదాన్ని నాకు చెప్తున్నావా?"

ఒనొదెర నవ్వలేదు. అదే ఎక్కువ బాధించిందని చెప్పింది కినుయో.

"పోశావమ్మా. నిలవ పెట్టలేదు. బంకులో వారం కూడా నిలవుండదు, లారీ వచ్చి మళ్ళీ నింపుతుంది. నువ్వు పుట్టి బుద్ధెరిగి తాజా పెట్రోలే చూశావు. అందుకే అది ముసలిదవుతుందని నీకు తెలీలేదు. తెలియనివాడైతే అడిగి తెలుసుకుని, మంచు కరగ్గానే తీసేస్తాడు."

ఇంజనుకి పెట్రోలు చిమ్మే జెట్టులోని సన్నటి రంధ్రం సగం మూసుకుపోయింది. పెట్రోలు చాలక ఇంజను ఆకలితో నడుస్తోంది. చోక్ లాగి గాలి తగ్గిస్తే ఎలాగో ఈడుస్తోంది, లాగడం ఎక్కువైతే పొగ కక్కుతోంది. అంతే సంగతి. అతను బాగుచేస్తానంటే కినుయో ఒప్పుకోలేదు.

"నువ్వు చెప్పు, నేను చేస్తాను."

"ఇంత చలిలోనా?"

"నేను చేస్తేనే అది నా గెలుపు."

"ఏ గెలుపమ్మా?" అన్నాడు ఒనొదెర.

రెండు మధ్యాహ్నాలు ఆ షెడ్డులో కూర్చుని చేసింది. జెట్టులో సూది పెట్టబోతే ఒనొదెర చెయ్యి పట్టుకున్నాడు. సూదితో రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్టు పనికిరాదట. ద్రావకం చల్లి నానబెట్టి, గాలి కొట్టి, దీపానికి అడ్డంగా పెట్టి చూసింది. చీకట్లో చుక్కంత వెలుగు కనబడింది. పాత పెట్రోలంతా తోడేసింది. వేసవి ఆయిలు తీసేసి చలికాలానికి పనికొచ్చే పల్చటి ఆయిలు పోస్తే, తాడు లాగేటప్పటి బరువు సగానికి తగ్గింది. వదులైన బెల్టు బిగించింది. తడి మంచు అంటుకోకుండా మిషను గొట్టం లోపల స్కీ పలకలకి రాసే మైనం పట్టించింది. ఇంజను వేగాన్ని హద్దులో ఉంచే స్ప్రింగు ఒకటుంటుంది. అది కాస్త సాగదీస్తే ఇంకా దూరం కొడుతుందేమో అని దాని వైపు చూస్తుంటే, ఒనొదెర వెనక నుంచే అన్నాడు, "దాని జోలికి మాత్రం పోకు. పక్కింటి మీద కోపంతో ఆ స్ప్రింగు సాగదీసి, ఇంజను పగలగొట్టుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో చాలామందున్నారు."

"నాకెవరి మీదా కోపం లేదు."

"మంచిది. మరి చెయ్యి తీసెయ్యి."

ఆ తర్వాతి మంచు పొద్దున నేను మా వాకిట్లోనే ఉన్నాను. పాట అందుకుంది. కినుయో తాడు లాగింది. ఒక్కటే లాగుడు. పొగ లేదు, దగ్గు లేదు. మా ఆవిడ చీపురు పట్టుకుని బయటికొచ్చి "ఎవరిది ఆ చప్పుడు?" అంది. కినుయో తన వాకిలి వైపు కూడా చూడకుండా నేరుగా అత్తగారి గట్టు మీదికి నడిపింది. మంచు తోరణంలా లేచి అవతల పడింది. మిహొకో తన వాకిలి ముగించి తలెత్తేసరికి దారి తెరుచుకుని ఉంది. తలుపు తడుతున్న కినుయో వీపు కనబడింది.

ఆ రోజు టీ తాగాక, పచ్చడి గిన్నె ఖాళీ చేశాక, అత్తగారు కిటికీలోంచి కుడివైపు తొంగి చూసి అందట, "చిన్నది రాలేదేం? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి?"

"నేనొచ్చాను కదత్తయ్యా."

"వచ్చావులే. కనబడుతూనే ఉన్నావు."

కినుయో ఇది చెప్పేటప్పుడు దుంపని అవసరం కంటే లోతుగా చెక్కింది. గెలిచింది తనే. అయినా ఆ అరగంటలో సగం మిహొకో గురించే నడిచింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నాలుగో రోజు మంచు ఎక్కువ పడింది. కినుయో ఐదున్నరకే లేచి, వంటింటి పరదా తీసి, బయటికి చూసి ఆగిపోయింది.

అత్తగారి దారిలో మిహొకో ఉంది. మిషను లేదు, చేతిలో పార ఉంది. అదీ మంచు పార కాదు, వాళ్ళాయన తోటపనికి కొన్న ఇనప పార, అరిచేతంత వెడల్పుది. ఊపిరి పొగలు కక్కుతూ ఒక్కొక్క గడ్డ ఎత్తి పక్కన పెడుతోంది. ఆరుకి ముందు ఇంజను కూడదన్నారు, పార కూడదనలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ ఆలోచన తనకెందుకు రాలేదా అని కినుయోకి ఒళ్ళు మండింది.

తలుపు తీసుకుని బయటికొచ్చింది. "ఏం చేస్తున్నావు మిహొకో?"

మిహొకో తల ఎత్తలేదు. "కనబడటం లేదా అక్కా?"

"మిషను ఉండగా పారెందుకు?"

"మీ మిషను బాగైంది కదా. నాకింక పారే గతి."

"ఆ టీ కోసం ఇంతా?"

అప్పుడు పార మంచులో గుచ్చి నిలబడింది. ముక్కు చివర ఎర్రగా ఉంది. "మీకు బంకులో పరిచయాలున్నాయి, ఒనొదెర గారున్నారు, వీధిలో అందరూ మీ పేరు పెట్టి పిలుస్తారు. నాకు సోమవారం నుంచి శుక్రవారం దాకా మాట్లాడే మనిషి అత్తయ్యొక్కతే. మీ యాసే నాకు సగం అర్థం కాదు. ఆవిడ నాకు అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చెప్తుంది. అర్థం కాకపోతే తిడుతుంది. నన్ను తిట్టేవాళ్ళు కూడా ఇక్కడ ఇంకెవరూ లేరక్కా."

సరిగ్గా తను అనవలసిన మాటలన్నీ మిహొకో ముందే అనేసిందని కినుయో నాతో చెప్పింది. అదొక కొత్త ఓర్వలేనితనం. తన బాధ కూడా తనొక్కదానిదే కాకుండా పోయింది.

పాట అందుకుంది. మిహొకో తెరిచిన దారి ఒక మనిషి భుజాలంత వెడల్పు మాత్రమే ఉంది. అత్తగారి చక్రాల బండి అందులో పట్టదు. కినుయో మిషను వేసి, ఆ దారికి రెండు వైపులా వెడల్పు చేసింది. మంచు కుడివైపు పోస్తే మిహొకో కిటికీ మీద పడుతుంది. ఎడమవైపు తన వంటింటి కిటికీ మీదికే గొట్టం తిప్పింది. తలుపు దాకా వెళ్ళి, మిషను ఆపి, వెనక్కి తిప్పింది.

"రావే పెద్దదానా!" లోపలి నుంచి అత్తగారు కేకేసింది.

"పనుంది. చిన్నది వస్తుంది."

"ఎందుకలా వదిలేశావు?" అని నేనడిగాను.

"ఆ ఒక్కరోజుకి" అంది కినుయో. "ఆ ఒక్కరోజుకే. మర్నాడు ఐదింటికి నేనే పార పట్టుకుని వెళ్ళాను."

ఆ చలికాలమంతా అలాగే గడిచింది. కొన్నాళ్ళు ఒకరు, కొన్నాళ్ళు ఇంకొకరు. ఎవరు ఎన్ని రోజులు గెలిచారో వీధంతా కిటికీల్లోంచి చూస్తూనే ఉంది. అత్తగారు మాత్రం ఆ ఏడు ఒళ్ళు చేసింది.

ఏప్రిల్లో మంచు మురికిపట్టి, గుంటలు పడి, చివరికి కాలవ గట్టున చారలా మిగిలింది. కినుయో తన మిషను ట్యాంకు తోడేసి, కార్బొరేటర్ గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇంజను నడిపి, గుడ్డ కప్పింది. అది ముగించి చేతులు తుడుచుకుంటుంటే, అవతల మిహొకో తన మిషన్ని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, నీలం పట్టా కప్పి, తాళ్ళు కట్టడం కనబడింది. ట్యాంకు మూత ముట్టుకోలేదు. నిండుగా ఉండే ఉంటుంది. ఆఖరి మంచు కోసమని మార్చిలో మిహొకో డబ్బా నింపుకుని తేవడం కినుయో చూసింది.

"నన్నెవరన్నా అడిగారా?" అంది నాతో. "అడక్కుండా చెప్పడానికి నేనెవర్ని? ఎనిమిది నెలలు ఆ పెట్రోలు అలా ఉంటే డిసెంబరు కల్లా దాని తాళం తిరుగుతుంది గాని ఇంజను తిరగదు. ఆ శీతాకాలం మొత్తం దారి నాది. నేను ఏ పాపమూ చెయ్యక్కర్లేదు. ఊరుకుంటే చాలు."

నాలుగు రోజులు ఊరుకుంది. ఐదో రోజు మధ్యాహ్నం అత్తగారి దగ్గర టీ తాగుతుంటే, ఆవిడ చూసి చూసి అందట, "ఏమే, చెవులు ఎర్రబడ్డాయి. ఏం దాస్తున్నావు?"

"ఏం లేదు."

"నీ పెళ్ళినాటి నుంచీ చూస్తున్నాను. దాచినప్పుడే అవి ఎర్రబడతాయి."

కినుయో కప్పు కింద పెట్టేసి లేచింది. తన కొట్టులోంచి ఇనప డబ్బా, చేతిపంపు తీసుకుని, మిహొకో వాకిట్లోకి వెళ్ళి, పట్టా తాళ్ళు తనే విప్పడం మొదలుపెట్టింది. మిహొకో తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందక్కా?"

"ట్యాంకు మూత తియ్యి."

పెట్రోలు తోడుతూ చెప్పింది. పాకంలా గడ్డకట్టడం, జెట్టు, చోక్, ఒనొదెర షెడ్డు, ముప్ఫై ఏళ్ళ బంకు చాకిరీ చేసి కూడా తనకి తెలియకపోవడం, అన్నీ. మిహొకో డబ్బా పట్టుకుని వింది. అంతా విన్నాక అంది:

"మీరు చెప్పకపోతే వచ్చే ఏడు ఇది మొరాయించేది."

"ఆఁ."

"దారి మీకొచ్చేది."

"ఆఁ."

"మరెందుకు చెప్పారు?"

"నువ్వు ఓడిపోవాలి" అంది కినుయో, పంపు నొక్కుతూనే. "కానీ పెట్రోలు చేతిలో కాదు, నా చేతిలో."

మిహొకో డబ్బాని పంపుకి ఇంకాస్త దగ్గరగా జరిపింది. "మీ చేతిలోనా? నాలుగున్నరకే పార పట్టుకుని వస్తానక్కా."

"రా. చూద్దాం."

ట్యాంకు ఖాళీ అయ్యాక, గిన్నెలో మిగిలింది కూడా కాలిపోవాలని మిహొకో తాళం తిప్పింది. కొత్త ఇంజను సన్నగా, నిదానంగా నడిచింది. ఎంత బాగుందో ఆ చప్పుడు, అని కినుయో ఇప్పటికీ అంటుంది, పళ్ళు నూరుతూ. ఇద్దరూ చెరోవైపు నిలబడి వింటున్నారు. కాసేపటికి అది తడబడి, రెండుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోయింది.

మధ్య ఇంటి కిటికీ తెరుచుకుంది. "ఎవరిదే ఆగింది?" అని అరిచింది అత్తగారు.

"చిన్నదానిది!" అని కినుయో తిరిగి అరిచింది. రోడ్డుకి ఇవతల ఉన్న నాక్కూడా ఆ గొంతులోని సంతోషం స్పష్టంగా వినబడింది.